మట్టి అడిగిన తల్లి

జవాను చనిపోయాడని మా ఆఫీసుకు ఫోన్ వస్తే, పేరూ ఊరూ రాసుకున్నాక మేం ముందు తెలుసుకునేది ఒకటుండేది. మట్టా, నిప్పా? పూడుస్తారా, కాలుస్తారా అని. మోటుగా ఉంటుంది, నిజమే. కానీ గొయ్యి తవ్వించాలన్నా కట్టెలు తెప్పించాలన్నా అది ముందు తెలియాలి. శవం పెట్టె వచ్చి ఊళ్ళో దిగాక అడిగే మాట కాదది.

మాది మాజీ సైనికుల బాగోగులు చూసే జిల్లా ఆఫీసు. పింఛను ఆగిపోయినవాళ్ళు, భర్త పోయిన ఆడవాళ్ళు, పిల్లలకి కాలేజీ సీటు కోసం సంతకం కావలసినవాళ్ళు వస్తుండేవారు. నేనక్కడ అటెండర్ని. అంతకుముందు పట్టాళంలో వంటవాణ్ణి. చదువు లేకుండానే పట్టాళంలో చేరాను. ముప్పై దాటాక, ఉల్లిపాయలు తరిగే బల్ల మీద, ఒక తెలుగు సిపాయి దగ్గర, గుళ్ళో పాటల పుస్తకం మీద వేలు పెట్టి అక్షరాలు నేర్చుకున్నాను. మేం చర్చిని గుడి అనే అంటాం.

ఈ మధ్య మా గుడి సంఘంలో కుర్రాళ్ళ కూడికకు పిలిచారు. ఒక పిల్ల లేచి అడిగింది. "తాతగారూ, దేశం ముందాండి, దేవుడు ముందాండి?" పరీక్షలో ప్రశ్నలా అడిగింది. నాకు జవాబు రాలేదు. ఇంటికొచ్చాక ఇది రాద్దామనిపించింది. జవాబు ఇందులో కూడా ఉంటుందని నేను మాటివ్వను.

ముందు ఒక సంగతి తెలియాలి. ఎస్సీల్లో పుట్టినవాడు క్రైస్తవుణ్ణని రాయించుకుంటే చట్టం లెక్కలో ఎస్సీ కాకుండా పోతాడు. అందుకని మా వైపు పేటల్లో ఆదివారం గుడికెళ్ళే ఇళ్ళు చాలావరకు కాగితం మీద హిందువులే. ఇది రహస్యం కాదు. తహసీల్దారుకి తెలుసు, సర్పంచికి తెలుసు, పాస్టరుగారికి తెలుసు. మోసం అనేవాళ్ళు అనొచ్చు. నా చిన్నప్పుడు గుళ్ళో ప్రార్థన చేసుకుని వచ్చినవాడికి కూడా ఊళ్ళో టీ కొట్టులో గ్లాసు వేరుగానే ఉండేది. మతం మారిందని గ్లాసు మార్చినవాణ్ణి నేను చూడలేదు.

పట్టాళంలో చేరేటప్పుడు గుమాస్తా నన్ను మతం అడిగాడు. "క్రైస్తవులమండి" అన్నాను. వరసలో వెనక నిలబడ్డ మా పేట కుర్రాళ్ళు నెత్తి కొట్టుకున్నారు. చదువుకున్నవాడెవడూ అలా చెప్పడు. అడిగినదానికి తెలిసింది చెప్పడమే తప్ప ఇంకోటి ఉంటుందని నాకు తెలీదు. ఆ ఒక్క మాటకి నా పిల్లలు ఏమేం పోగొట్టుకున్నారో వాళ్ళు ఇప్పటికీ పండక్కోసారి గుర్తు చేస్తుంటారు.

ఇక ఆ ఫోన్ సంగతి. నేను రిటైర్ అవడానికి కొద్దికాలం ముందు. ఉత్తరాన సరిహద్దులో మంచు విరిగిపడి ఒక సిపాయి పోయాడు. నరసాపురం అవతల, ఏరు దాటి వెళ్ళే ఒక లంక వాడిది. పెళ్ళి కాలేదు. తండ్రి లేడు. తల్లి, ఒక అక్క.

మా పై అధికారి రిటైరైన కల్నల్. మంచివాడు, తొందర మనిషి. నన్ను పిలిచేసరికే సగం పని అయిపోయింది.

"యూనిట్ నుంచి వివరాలొచ్చాయి. మతం హిందూ. సర్పంచ్‌తో మాట్లాడి కట్టెలు చెప్పేశాను. నువ్వెళ్ళి మిగతాది చూడు."

పేట పేరు చూశాను. "ఆ పేటలో నిప్పు ఉండదండి."

"ఏంటయ్యా? రికార్డులో ఉన్నది చెప్తున్నాను."

"రికార్డులో ఉంటారండి. ఆదివారం ఉండరు."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఆయనకీ తెలియని సంగతి కాదు. "ఇప్పుడేం చెయ్యమంటావ్?"

"వాళ్ళమ్మని అడగాలండి."

"అడుగు. అడిగి ఫోన్ చెయ్."

మా ఆఫీసు చేసిన పొరపాటు అక్కడే ఉంది. ఇంట్లో అడక్కముందే ఊళ్ళో కట్టెలు చెప్పాం. ఊరు ఒకసారి కట్టెలు మోసిందంటే ఆ చితి ఊరిదవుతుంది. వద్దని చెప్పడం ఎవరి తరమూ కాదు.

బస్సులో నరసాపురం వెళ్ళి ఏరు దాటించే పంటు ఎక్కాను. పంటు నిండా మోటారు సైకిళ్ళు, బళ్ళకి జెండాలు, కుర్రాళ్ళ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. వాడితో కబడ్డీ ఆడినవాళ్ళట. వాళ్ళ ఏడుపు అబద్ధం కాదు. ఈ సంగతి చదివి ఎవరైనా ఆ ఊరివాళ్ళని దుర్మార్గులనుకుంటే నేను సరిగ్గా రాయలేదన్నమాట.

అవతలి రేవులో వాడి అక్క నిలబడి ఉంది. నర్సు చదివిన పిల్ల. యూనిట్ వాళ్ళు ఫోన్ చేసింది ఆమెకే.

"ఆఫీసు నుంచేనాండి?"

"ఆఫీసేనమ్మా. మన సంఘపువాణ్ణే. వందనాలు."

"వందనాలండి" అని, పక్కకి రమ్మన్నట్టు సరుగుడు చెట్ల వైపు నడిచింది. "అమ్మకి ఇంకా చెప్పలేదండి. కాళ్ళు విరిగినాయి, ఆస్పత్రిలో ఉన్నాడని చెప్పాను. మీరు చెప్పండి మావయ్యగారూ. చెప్పేటప్పుడు ఇంకో మాట కూడా చెప్పాలి."

"ఏంటమ్మా?"

"దహనమే చెయ్యాలి, అది ఆఫీసు రూలు అని చెప్పండి. అమ్మ మట్టి అంటది. రూలంటే మారు మాట్లాడదు."

"అలాంటి రూలు లేదమ్మా."

"లేదని నాకూ తెలుసండి. ఉందని చెప్పమంటన్నాను."

అప్పుడు చెప్పింది. ప్రభుత్వ ఆస్పత్రిలో స్టాఫ్ నర్సు ఉద్యోగానికి ఎస్సీ కోటాలో పేరొచ్చింది. సర్టిఫికెట్ల పరిశీలన ఒక్కటే మిగిలింది. ఇప్పుడు టీవీల వాళ్ళందరి ముందు తమ్ముణ్ణి సిలువ పాతి పూడిస్తే, ఎవరో ఒకరు అర్జీ పెడతారు. ఆ ఉద్యోగం మీద కన్నున్నవాళ్ళు తక్కువ లేరు.

"ఆ మంచులో కూర్చుని తమ్ముడే నన్ను చదివించాడండి" అంది. "నాకేదో ఉద్యోగం పిచ్చని అనుకోకండి. ఆడు చదివించిన చదువు ఆడి సమాధితోపాటే పోతే, ఇంక ఆడు మిగిల్చింది ఏముంటదండి?"

ఏడవకుండా అడిగింది. ఏడ్చి ఉంటే ఏదో ఓదార్చేవాణ్ణి.

"అబద్ధం నేను చెప్పలేనమ్మా. ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. నేను అడిగేది మాత్రం మీ అమ్మనే" అన్నాను.

తల్లి ఇంటి అరుగు మీద కూర్చుని లేసు అల్లుతోంది. ఆ వైపు ఆడవాళ్ళకి అది బతుకుతెరువు. నన్ను చూసి లేవలేదు. సూది ఆపలేదు.

"పట్టాళం ఆఫీసు నుంచి వచ్చానమ్మా" అన్నాను.

"తెలుసు అన్నయ్యా. కూర్చోండి."

"అబ్బాయికి..."

"కాళ్ళు విరిగితే ఊరంతా బళ్ళకి జెండాలు కట్టుకుని తిరుగుద్దా? పొద్దున్నే తెలిసింది నాకు. పిల్ల చెప్తదని చూస్తన్నాను. అది నాకోసం దాస్తంది, నేను దానికోసం తెలీనట్టు ఉంటన్నాను."

అక్కడే గుమ్మం పట్టుకుని నిలబడ్డ కూతురు అలాగే కిందికి జారి కూర్చుండిపోయింది. చాలాసేపు ఇద్దరూ ఏడ్చారు. నేను రేవు వైపు చూస్తూ కూర్చున్నాను. ఈ పనిలో నేర్చుకోవలసిన విద్య అదొక్కటే. లేచిపోకూడదు, ఏమీ మాట్లాడకూడదు.

తర్వాత అడిగాను. మట్టా నిప్పా అని తల్లిని అడగరు. "అబ్బాయిని ఎక్కడ ఉంచుదామమ్మా?" అన్నాను.

"ఆళ్ళ నాన్న పక్కన. ఆ పక్క చోటు నాకని ఉంచుకున్నాను. ఆడికిచ్చేస్తాను."

కల్నల్‌గారికి ఫోన్ చేసి మట్టి అని చెప్పాను. ఆయన "సరే, సర్పంచ్‌కి నువ్వే చెప్పు" అని పెట్టేశాడు.

సర్పంచికి చెప్పే అవసరం రాలేదు. ఊళ్ళో ఆయన మాట నడిచేది కాదు. నడిచేది వేరే ఆయనది. పెద్ద రైతు, పార్టీ మనిషి. ఆయనే మనుషులతో వచ్చాడు. పేటలోకి ఆయన రావడమే విశేషమని జనం చూశారు. అరుగు కింద నిలబడి తల్లికి దణ్ణం పెట్టాడు. కళ్ళు తుడుచుకున్నాడు. ఆ కుర్రాడు పట్టాళం ఎంపిక కోసం రోజూ పరిగెత్తింది ఆయన చేల గట్టు మీదే.

"ఏటొడ్డున చోటు బాగు చేయించానమ్మా" అన్నాడు. "కట్టెలు పేర్పించాను. తర్వాత అక్కడే స్తూపం కడతాం. పంటు ఎక్కేవాడూ దిగేవాడూ దణ్ణం పెట్టుకుని వెళ్ళేలాగ."

"మా గుడి దొడ్లో పెట్టుకుంటామండి" అంది తల్లి.

"అక్కడ ఎవరు చూస్తారమ్మా? నీ కొడుకు మీ పేటోడు కాదు ఇప్పుడు. దేశం బిడ్డ."

"దేశం బిడ్డయితే ఏ మట్టిలో పెట్టినా దేశమే కదండి" అన్నాను నేను.

ఆయన నా వైపు తిరిగాడు. "మీరెవరండి?"

చెప్పాను.

"గవర్నమెంటు మనిషై ఉండి మీరిలా మాట్లాడకూడదు. రికార్డులో ఏముందో అది చెయ్యాలి. రికార్డు తప్పంటారా? మరి ఆ పేటలో తప్పు రికార్డులు ఇంకా ఎన్నున్నాయో, అవన్నీ తిరగెయ్యాలి కదండి." గొంతు పెంచలేదు. కూతురి వైపు చూడనూ లేదు. చూడవలసిన పని లేదు.

ఆయన వెళ్ళాక పాస్టరుగారి దగ్గరికి వెళ్ళాను. చిన్నవాడు, కొత్తగా వచ్చాడు. గుళ్ళో ఒక్కడే బల్ల మీద కూర్చున్నాడు.

"గొయ్యి తవ్విస్తారా అయ్యగారూ?"

"నాకేం అభ్యంతరం లేదండి. సంఘ పెద్దలు ఒక మాట అంటన్నారు." ఫోన్ తీసి చూపించాడు. యూనిట్‌లో ఏదో పండగ. కుర్రాడు నుదుట పెద్ద బొట్టు, చేతిలో హారతి పళ్ళెం, నవ్వుతున్నాడు. "ఇది అందరి ఫోన్లలో తిరుగుతోందండి. విశ్వాసి ఇలా చెయ్యొచ్చా అని అడుగుతున్నారు."

నాకు కోపం వచ్చింది. కోపం వస్తే నాకు గొంతు తగ్గదు.

"నేనూ పట్టానండి హారతి. మా రెజిమెంటు యుద్ధానికి అరిచే కేక అమ్మవారి పేరు మీద ఉండేది. సర్వీసంతా అరిచాను. అదే పట్టాళంలో క్రిస్మస్‌కి నేను పాట పాడతంటే పంజాబు నుంచి వచ్చినోడు, రాజస్థాన్ నుంచి వచ్చినోడు చప్పట్లు కొట్టేవోళ్ళు. ఆళ్ళ దేవుడికి కోపం రాలేదు. పక్కనోడు చచ్చిపోతానేమోనని వణుకుతున్నప్పుడు ఆడి దేవుడి పేరు ఆడితో కలిసి అరిస్తే నా దేవుడు నన్ను తీసేస్తాడా? తీసేస్తే నేను చెప్పుకుంటాను ఆయనకి. మీ పెద్దలు ఎవరండి అడగడానికి? ఆళ్ళలో ఒక్కడు మంచులో నిలబడ్డాడా?"

పాస్టరుగారు తల దించుకున్నాడు. "నేను ప్రార్థన చేస్తానండి. గొయ్యి తవ్వితే ప్రార్థన చేస్తాను. ఆ పిల్ల ఉద్యోగం సంగతి కూడా నాకు తెలుసు. ఏది కోరి ప్రార్థన చెయ్యాలో తెలియడం లేదు."

ఆ మాటకి నా కోపం పోయింది. నిజం చెప్పాడు.

మర్నాడు ఉదయం పెట్టె రాజమండ్రి విమానాశ్రయంలో దిగిందని తెలిసింది. నేను తల్లి ఇంటికి వెళ్ళాను. రాత్రి తల్లీ కూతురూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. తల్లి నన్ను ఒకటి అడిగింది.

"అన్నయ్యా, కాల్చేస్తే లేస్తాడా? ప్రభువు వచ్చేనాడు కడబూర మోగితే మట్టిలో ఉన్నోళ్ళు లేస్తారంటారు. బూడిదైనోడు ఎలా లేస్తాడు?"

నేను పాస్టర్ని కాదు. నాకు తెలిసింది చెప్పాను. "మా పట్టాళంలో కొందరు అసలు దొరకలేదమ్మా. మంచులోనే ఉండిపోయారు. కొందరు ముక్కలుగా వచ్చారు. ఆళ్ళని లేపలేని దేవుడైతే మట్టిలో ఉన్నోళ్ళని మాత్రం ఏం లేపుతాడు?"

ఆమె తలూపింది. నేను చెప్పింది తప్పని ఇప్పటికీ అనుకోను. కాకపోతే అది ఆమె నొప్పికి మందు కాలేదు.

మధ్యాహ్నానికి లారీ నరసాపురం వైపు రేవుకి వచ్చింది. పెట్టెను పంటు మీదకు ఎక్కించారు. జెండా కప్పిన పెట్టె ఏటి మీద వస్తుంటే ఇవతల గట్టు పొడవునా జనం లేచి నిలబడ్డారు. ఊరూ పేటా కలిసి ఒకేచోట నిలబడటం ఆ లంకలో అదే మొదటిసారని ఒక ముసలాయన నా పక్కన గొణిగాడు.

పెట్టెతో వచ్చిన సుబేదార్ పంజాబీ సర్దార్. దించాక, తల్లి ఎవరని అడిగాడు. ఆమె ముందు నిలబడి సెల్యూట్ చేశాడు. నాకు పట్టాళం హిందీ వచ్చు కాబట్టి మధ్యలో నన్ను నిలబెట్టారు. ఒక పక్క కల్నల్‌గారు, ఇంకో పక్క ఊరి పెద్దాయన, వెనక పాస్టరుగారు. ఎడమవైపు కట్టెలు పేర్చి ఉన్నాయి. పేటవాళ్ళు కొందరు పొద్దున్నే గుడి దొడ్లో గొయ్యి కూడా తవ్వారని నాకు తెలుసు.

"మాతాజీ ఎలా చెప్తే అలా" అన్నాడు సుబేదార్. "మాకు ఇక్కడ ఇంకెవరి ఆర్డరూ లేదు. అడుగు."

అడిగాను. "అబ్బాయిని ఎక్కడికి తీసుకెళ్ళమంటావమ్మా?"

ఆమె కూతురి వైపు చూసింది. కూతురు తల ఎత్తలేదు. ఎత్తి ఒక్కసారి బతిమాలినట్టు చూసి ఉంటే తల్లికి కొంచెం సులువయ్యేదేమో. ఆ పిల్ల అదీ చెయ్యలేదు.

"ఆళ్ళు పేర్చింది ఉంది కదా" అంది తల్లి. "దాని మీదే పెట్టండి."

సుబేదార్ నా మాట విని మళ్ళీ అడగమన్నాడు. తల్లికి ఇష్టమేనా అని. అడిగాను.

"ఇష్టమా అని అడగొద్దని చెప్పు అన్నయ్యా. పెట్టమన్నానని చెప్పు."

చెప్పాను. సుబేదార్ ఆమె ముఖం చూశాడు. కట్టెల వైపు తన మనుషులకి చెయ్యి చూపించాడు.

జెండా తీసి మడిచి ఆమె చేతిలో పెట్టారు. తుపాకులు పేల్చారు. బూర ఊదారు. అంతవరకూ అంతా పద్ధతి ప్రకారం జరిగింది. ఆగింది ఒకచోట. కొరివి ఎవరు పెట్టాలి? వరసకి తమ్ముళ్ళు, అన్నలు పేటలో ఉన్నారు. ఒక్కడూ కదల్లేదు. గుడికెళ్ళేవాళ్ళకి చేతులు రాలేదు. ఊరివాళ్ళు పెడతామని ముందుకి రాబోతుంటే, అక్క వచ్చి కొరివి అందుకుంది. నిప్పు కావాలన్నది తనే కాబట్టి తనే పెట్టాలనుకుందో ఏమో, నాకు తెలియదు. కట్టె అంటుకోవడానికి చాలాసేపు పట్టింది.

అప్పుడు తల్లి పాట ఎత్తుకుంది.

అరుపు కాదు, ఏడుపు కాదు. కళ్ళు మూసుకుని, మడిచిన జెండా గుండెకి పట్టుకుని, మా గుళ్ళో పాట పాడింది. సన్నటి గొంతు. పేట ఆడవాళ్ళలో ఒకరిద్దరి పెదవులు కదిలాయి, మళ్ళీ ఆగిపోయాయి. ఎవరూ గొంతు కలపలేదు. పాస్టరుగారు జనం వెనక నిలబడి ఏడుస్తున్నాడు. కల్నల్‌గారు సెల్యూట్‌లోనే ఉన్నాడు. సుబేదార్‌కి భాష తెలియకపోయినా తల వంచాడు. చుట్టూ ఫోన్లు పైకి లేచి ఉన్నాయి.

అస్థికలు ఊరివాళ్ళే గోదావరిలో కలిపారు. గుడి దొడ్లో తవ్విన గొయ్యి పూడ్చేశారు.

తర్వాత జరిగింది మీరు ఊహించే ఉంటారు. తల్లి పాడిన పాట వీడియో ఊరూరా తిరిగింది. వీరమాత అని రాసి పంపుకున్నారు. అదే వీడియో జతచేసి ఎవరో కలెక్టరుకి అర్జీ పెట్టారు. ఈ కుటుంబం క్రైస్తవులు, ఎస్సీ కోటా చెల్లదు అని. ఎవరు పెట్టారో నాకు తెలియదు. ఊరి పెద్దాయన తాను కాదని నాతో ప్రమాణం చేశాడు. నేను నమ్మాను. ఆయన బెదిరించింది దహనం కోసం, అది అయిపోయింది. ఉద్యోగం వరసలో వెనకున్నవాళ్ళు పెట్టి ఉండొచ్చు. వాళ్ళకీ ఇల్లు ఉంటుంది, ఆకలి ఉంటుంది.

విచారణకు పిలిచారు. ఆ రోజు పక్కన ఉన్నవాణ్ణి కాబట్టి నన్ను సాక్షిగా రమ్మని పిల్ల అడిగింది. "తుపాకుల పక్కన నిలబడ్డాను, చెవులు గింగురుమంటున్నాయి, పాట మాటలు వినపడలేదు" అని చెప్దామనుకున్నాను. సగం నిజమే. మిగతా సగం గురించి పైవాడితో తర్వాత మాట్లాడుకోవచ్చులే అనుకున్నాను. అబద్ధం చెప్పనని రేవులో ఆ పిల్లతో అన్నవాణ్ణే.

విచారణ చేసిన అధికారిణి వయసులో చిన్నది. మర్యాదగా మాట్లాడింది. ఫోన్‌లో వీడియో పెట్టి వెంటనే ఆపేసింది. ఆ తల్లి ముందు అది మోగనివ్వడం ఆమెకీ ఇష్టం లేదు.

"అమ్మా, ఆ రోజు మీరు చాలా దుఃఖంలో ఉన్నారు. ఏం పాడారో మీకు గుర్తుండకపోవచ్చు. గుర్తులేదంటే అలాగే రాసుకుంటాను."

బయటపడడానికి ఆ అధికారిణే తలుపు తీసి పట్టుకుంది. గదిలో అందరికీ అర్థమైంది. కూతురు తల్లి చెయ్యి పట్టుకుంది.

"గుర్తుందమ్మా" అంది తల్లి.

"మళ్ళీ ఆలోచించుకుని చెప్పండి."

"ఆడికి ఊయల్లో పాడిన పాట. మా గుళ్ళో పాట. యేసయ్య పాట." కూతురి చేతిలోంచి చెయ్యి తీసుకోలేదు, ఇంకా గట్టిగా పట్టుకుంది. "ఏటొడ్డున అంతమంది ముందు నేను ఒకసారి మా గుడిని కాదనుకున్నానమ్మా. ఇదిగో, దీని కోసం కాదనుకున్నాను. దానికోసమే మళ్ళీ కాదనమంటే నాకు నోరు రాదు. నా కొడుకుని రెండుసార్లు కాల్చమనకండి."

అధికారిణి ఆ మాటలే రాసుకుంది. నన్ను పిలవలేదు. నా అవసరం లేకపోయింది.

బయట వరండాలో తల్లీ కూతురూ ఒకరినొకరు చూసుకోలేదు. నేను ఏదో అనబోయాను. పిల్ల చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటూ, "బస్సు ఎల్లిపోద్ది, రామ్మా" అంది. అంతే. ఆ తర్వాత ఎప్పుడూ తల్లిని ఒక్క మాట అనలేదని విన్నాను. అనకపోవడం మంచిదో కాదో నాకు తెలియదు.

ఉద్యోగం రాలేదు. ఆ పిల్ల ఇప్పుడు భీమవరంలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేస్తోంది.

కూడికలో అడిగిన పిల్లకి చెప్పేదేమిటంటే, దేశమా దేవుడా అని ఆ ఇంటిని దేశం అడగలేదు, దేవుడూ అడగలేదు. కుర్రాడు ఉన్నన్నాళ్ళూ ఆ రెండూ ఒకే జేబులో పెట్టుకుని తిరిగాడు. బరువనిపించి ఉండదు. ఆ ప్రశ్న అడిగింది మధ్యలో ఉన్నవాళ్ళం. ఊరు, సంఘం, మా ఆఫీసు. అడిగి, జవాబు చెప్పినందుకు శిక్ష కూడా మేమే వేశాం.

ఏటొడ్డున స్తూపం కట్టారు. మాట తప్పలేదు. ఏటా పంద్రాగస్టుకి అక్కడ జెండా ఎగరేస్తారు, తల్లిని పిలిచి కుర్చీలో కూర్చోబెట్టి శాలువా కప్పుతారు. రిటైరయ్యాక ఒక ఏడాది నేనూ వెళ్ళాను. ఆమె తెల్లచీర కట్టుకుని వచ్చింది.

"ఎందుకొస్తావమ్మా ఇక్కడికి?" అని అడిగాను. నాకు అడ్డంగా అడగడమే వచ్చు.

"ఆడు పోయింది ఆ జెండా దగ్గర కదా అన్నయ్యా. ఈళ్ళ దగ్గర కాదు. నేను జెండా దగ్గరికి వస్తన్నాను."

కూతురు ఆమెను స్కూటీ మీద తీసుకొచ్చి, గట్టు మీద రోడ్డు పక్కన ఆపి, అక్కడే బండి మీద కూర్చుంది. జనంలోకి రాలేదు. ఎవరో పిలిస్తే రానని తలూపింది. ఫోన్ చూసుకుంటోంది. ఆస్పత్రి యూనిఫాంలోనే ఉంది, అటునుంచి అటే డ్యూటీకి వెళ్ళాలి కాబోలు.

మైకులో జాతీయ గీతం మొదలైంది. నేను అలవాటుగా అటెన్షన్‌లో నిలబడ్డాను. కళ్ళు మాత్రం గట్టు మీదికి పోయాయి. ఆ పిల్ల ఫోన్ జేబులో పెట్టుకుంది. బండి స్టాండ్ వేసి దిగింది. రోడ్డు మీద ఒక్కత్తే, మా అందరికీ దూరంగా, చేతులు రెండూ పక్కలకి ఆనించి నిటారుగా నిలబడింది. గీతం పూర్తయ్యేదాకా కదల్లేదు. తర్వాత ఇక్కడ జనం జై కొట్టడం మొదలుపెట్టేసరికి హెల్మెట్ పెట్టుకుని బండి స్టార్ట్ చేసింది.